భీం చావును దాచకండి

గతేడాది వార్షికోత్సవానికి మా బడి పిల్లలు కుమ్రం భీం నాటకం తయారు చేశారు. (పేపర్లలో కొమురం అని, కొమరం అని రాస్తారు. ఇంటిపేరు కుమ్ర. మేము కుమ్రం అనే రాస్తాం.) నాటకం మేము రాయలేదు, పిల్లలే రాసుకున్నారు. సెలవులకు ఇళ్లకు పోయినప్పుడు తాతలను, అవ్వలను అడిగి, ఒకరు చెప్పినదానికి ఇంకొకరు చెప్పింది అతికించి, ఇరవై రోజులు సాధన చేశారు. ముందురోజు సాయంత్రం ఏర్పాట్లు చూడడానికి ఒక పెద్దసారు వచ్చారు. చివరిదాకా బాగానే చూశారు. జోడేఘాట్ గుట్ట మీద భీం నేలకొరిగే సీను రాగానే చెయ్యెత్తి ఆపించారు.

"పండుగ పూట చావేంటండీ? చూసేవాళ్లు ఏడ్చుకుంటూ ఇంటికి పోవాలా? పిల్లలకు ఆశ కలిగేది చూపించాలి. సర్కారు వచ్చి పట్టాలు ఇచ్చినట్టు పెట్టండి, భీం మెడలో దండ వేయించండి, అందరూ కలిసి జనగణమన పాడితే అయిపాయె."

మేము తలూపాం. తలూపడం మా ఉద్యోగంలో ఒక భాగమైపోయింది, ఒప్పుకుంటున్నాం. భీం వేషం వేసే తొమ్మిదో తరగతి పిల్లవాడు దగ్గరికొచ్చి, "సార్, అయితే నేను సచ్చిపోవద్దా?" అని అడిగాడు. చావు తప్పినందుకు వాడి ముఖంలో సంతోషం ఏమీ లేదు. దెబ్బ తగలకుండా ఎలా పడాలో గడ్డి పరుచుకుని మరీ నేర్చుకున్నవాడు వాడు.

మరునాడు నాటకం అయింది. దండ పడింది. చప్పట్లు కొట్టారు. జనం లేచి పోతుంటే వెనక వరసలో కూర్చున్న ఒక ముసలమ్మ మా దగ్గరికి వచ్చింది. గోండీలో అడిగింది. తెలుగులో చెప్పాలంటే ఇంతే: "ఏం సారూ, మా భీం సావలేదా? మరి మేము ఏటేటా జోడేఘాట్‌కు ఎవరి కోసం పోతున్నం?"

పక్కనున్న సాటి టీచర్లం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆమెకు అప్పుడు జవాబు చెప్పలేకపోయాం. ఇప్పుడు చెప్పే ప్రయత్నం చేస్తున్నాం. ఆ పెద్దసారుకు కూడా.

ముందు ఒక మాట తేల్చుకుందాం. కథ చివర వీరుడు చనిపోతే అది విన్నవాళ్లకు నిరాశ కలిగిస్తుందని, బతికితే ఆశ కలిగిస్తుందని ఎవరు చెప్పారు? ప్రతి ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌కు పోయే దారి చూడండి. ఇంగ్లీషు తేదీ మీద పుస్తకాలు ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటాయి గానీ మనకు పౌర్ణమి ఒక్కటే లెక్క, 1940లో ఆ రోజే భీం పడిపోయాడు. ఎడ్లబండ్ల మీద, నడిచి, ఇప్పుడైతే ఆటోల్లో, బైకుల మీద జనం వస్తారు. తుడుం మోగుతుంది. పూజ చేస్తారు. ఆ జనం ముఖాల్లో నిరాశ ఎక్కడుంది? చంటిపిల్లలను చంకన వేసుకుని వస్తారే, నిరాశను చూపించడానికి పిల్లలను ఎవరైనా తెచ్చుకుంటారా? అక్కడి నుంచి తిరిగివచ్చేటప్పుడు మనిషికి కడుపు నిండినట్టు ఉంటుంది. దుఃఖం ఉంటుంది, దాంతోపాటే ఆ నిండుదనం ఉంటుంది. ఆ రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో పెద్దసారుకు అర్థం కాలేదు. అర్థం కాని దాన్ని కత్తిరించమన్నారు.

ఎలా ఉంటాయో భీం కథలోనే ఉంది. సంకెపల్లిలో పుట్టినవాడు. తండ్రి పోయాక సుర్దాపూర్ దగ్గర అడవి కొట్టి పొలం చేసుకున్న కుటుంబం వాళ్లది. పంట చేతికొచ్చే వేళకు ఆ భూమి నాదని సిద్దీఖ్ అనేవాడు వచ్చాడు. గొడవలో వాడు భీం చేతిలో చచ్చాడు. భీం పారిపోయాడు. అస్సాం తేయాకు తోటల్లో కూలి చేశాడు, చదవడం రాయడం అక్కడ నేర్చాడని మన పెద్దలు చెబుతారు. తిరిగొచ్చాడు. బాబేఝరి, జోడేఘాట్ చుట్టూ పన్నెండు ఊళ్లు లేపాడు. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. పిల్లలకు చెప్పేటప్పుడు మేము ఆగేది దీని తర్వాత.

సర్కారు మాట్లాడడానికి మనుషులను పంపింది. పట్టాలిస్తాం, దిగిరండి అంది. భీం కావాలనుకుంటే అక్కడితో కథ అయిపోయేది. పొలం దక్కేది, ప్రాణం దక్కేది, బహుశా దండ కూడా పడేది. మన పెద్దలు చెప్పే కథలో భీం ఒప్పుకోడు. మా పన్నెండు ఊళ్లలో మా పాలన మాకుండాలి అంటాడు. పట్టా ఇచ్చినవాడు రేపు పట్టా తీసుకోగలడని సుర్దాపూర్‌లో చూసినవాడు ఆ మాట కాక ఇంకేం అంటాడు? ఆ మాట అన్న క్షణం నుంచి జోడేఘాట్‌కు దారి పడింది. తర్వాత కుర్దు పటేల్ దారి చూపించాడు, పోలీసులు గుట్ట ఎక్కారు, తుపాకులు పేలాయి. అవన్నీ ఆ ఒక్క మాట వెనకాల వచ్చినవే.

అందుకే భీం చావు మనకు ప్రమాదంలా అనిపించదు. తన మాట మీద తాను నిలబడి చివరిదాకా నడిచినవాడు చేరిన చోటు అది. మాట మొదలైన చోటుకూ ముగిసిన చోటుకూ మధ్య ఎక్కడా దారి తెగలేదు. విన్నవాడికి నిండుదనం వచ్చేది అక్కడినుంచే. పెద్దసారు చెప్పిన ముగింపులో భీం పట్టా తీసుకుంటాడు. అంటే చర్చలప్పుడు వద్దన్నదాన్ని చివర పుచ్చుకుంటాడు. అలాంటప్పుడు మధ్యలో ఆ కొట్లాట ఎందుకు, అన్ని ప్రాణాలు ఎందుకు? భీంను బతికిస్తున్నామనుకుని మేము ఆ రాత్రి చేసింది భీం మాటను చంపడం.

ఇంకో సంగతి. మన పిల్లలకు ఆశ కావాలంటున్నారు కదా. ఆశ ఎక్కడుందో చరిత్రలో చూడండి. భీం చనిపోయాకే నిజాం సర్కారుకు గోండులంటే ఎవరో తెలుసుకోవాలనిపించింది. హైమన్‌డార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది, గోండీ వాచకాలు వచ్చాయి. చేతిలో పట్టాలు పడింది కూడా ఆ తర్వాతే. మేము డైట్‌లో డిప్లొమా చేసి, నల్లబల్ల ముందు నిలబడి జీతం తీసుకుంటున్నామంటే ఆ వరసలో చివరివాళ్లం కాబట్టే. నాటకంలో పట్టాలు చూపించదలిస్తే చూపించండి, కానీ శవం లేచిన తర్వాత చూపించండి. వరస మార్చి చూపిస్తే, సర్కారు దయతో ఇచ్చిందని, భీం దండం పెట్టి తీసుకున్నాడని పిల్లలు నమ్ముతారు. పిల్లలకు ఆశ పేరుతో ఇంతకంటే పెద్ద అబద్ధం చెప్పలేం.

ఇది భీంతో మొదలైన సంగతి కాదు. మన ప్రధాన్ దాదాలు కిక్రి వాయించి చెప్పే పాత కథల్లోకి పోండి. కచార్‌గఢ్ గుహలో మన మూలపురుషులు పిల్లలుగా బందీలైన కథ మీలో చాలామందికి తెలుసు. గుహ మూతికి పెద్ద బండ అడ్డం. ఎవరూ కదిలించలేరు. హీరాసుకా వచ్చి బయట కూర్చుని వాయిస్తాడు. ఆ పాటకు లోపల పిల్లలకు ఒంట్లో బలం పుడుతుంది, అందరూ కలిసి బండను తోస్తారు. బండ దొర్లుతుంది. దొర్లిన బండ కింద హీరాసుకా నలిగి చనిపోతాడు. కొన్ని చోట్ల ఇంకోలా చెబుతారు గానీ ఎక్కువమంది పాడేది ఇదే.

ఈ కథను మేము ఏడో తరగతిలో చెప్పినప్పుడు ఒక పిల్ల లేచి, "సార్, ఆయన కొంచెం పక్కన కూర్చుంటే బతికేవాడు కదా?" అంది. క్లాసంతా నవ్వారు. మేమూ నవ్వాం. ఇంటికి పోయాక ఆ ప్రశ్న వదల్లేదు. నిజమే, పక్కకు జరిగి కూర్చుంటే బతికేవాడు. కానీ పక్కకు జరిగితే లోపలికి పాట వినిపించేదా? గుహ మూతి దగ్గర కూర్చున్నాడు కాబట్టే పాట లోపలికి పోయింది, గుహ మూతి దగ్గర కూర్చున్నాడు కాబట్టే బండ మీద పడింది. పాట లోపలికి పోయిన దారిలోనే చావు బయటికి వచ్చింది. ఆయనను బతికిస్తూ కథ చెప్పాలంటే పిల్లలను గుహలోనే ఉంచాలి. ఆ కథకు ఇంకో ముగింపు లేదు, ఉంటే మనం లేము. మరునాడు ఆ పిల్లకు ఇదే చెప్పాం. కాసేపు ఆలోచించి, "అయితే ఆయనకు తెలుసా సార్, బండ తన మీదే పడుతుందని?" అంది. దానికి మాత్రం మాకు ఇప్పటికీ జవాబు దొరకలేదు. ప్రధాన్ దాదాలను అడిగితే నవ్వి కిక్రి శ్రుతి చేసుకున్నారు.

మేడారం సంగతి కోయ అన్నదమ్ములు మాకంటే బాగా రాయగలరు, మేము ఒక్క మాట అని దాటుతాం. సమ్మక్క యుద్ధంలో గాయపడి చిలుకలగుట్ట వైపు నడిచి మాయమైంది, కుంకుమ భరిణె దొరికింది. జంపన్న వాగులో పడ్డాడు, వాగుకు ఆయన పేరు వచ్చింది. అక్కడికి రెండేళ్లకోసారి వచ్చే లక్షల మందిని పిలిచి, సమ్మక్క గెలిచి గద్దెనెక్కి పాలించింది అని చెప్పి చూడండి. బెల్లం బుట్ట పట్టుకుని వచ్చినవాళ్లు ఏమంటారో వినండి.

మైదానం వాళ్లకు ఇది తెలియని సంగతేమీ కాదు. బాలచంద్రుడు చనిపోయాడనే కదా కారెంపూడిలో వీరుల ఉత్సవం చేసేది. 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు సినిమా వీరుడి చావుతోనే ముగిసింది, జనం విరగబడి చూశారు. సంస్కృత నాటకాల్లో రంగం మీద చావు చూపకూడదని కట్టుబాటు ఉన్నా భాసుడు ఊరుభంగంలో దుర్యోధనుణ్ణి జనం ముందే చంపాడు. తొడలు విరిగి పడి ఉన్న దుర్యోధనుడు ఆ కాసేపట్లో అంతకుముందు ఎన్నడూ లేనంత పెద్ద మనిషి అవుతాడు. గ్రీకు దేశంలో అరిస్టాటిల్ అనే పండితుడు 2,300 ఏళ్ల కిందటే దీని గురించి పుస్తకం రాశాడు. జాలి, భయం రెండూ పుట్టించి మనసును తేలిక చేస్తుందని విషాద నాటకాన్ని మెచ్చుకున్నాడు. అదే పుస్తకంలో ఇంకో మాట అన్నాడు. ఏ పాపం తెలియని మంచివాణ్ణి ఊరికే నాశనం చేసి చూపిస్తే జాలీ కలగదు, భయమూ కలగదు, చూసేవాడికి రోత పుడుతుంది అన్నాడు. మా ముసలమ్మ ఆయనను చదవలేదు, ఆయన మా ముసలమ్మను చూడలేదు. కానీ ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని మాట్లాడుకోగలరు.

ఇప్పుడు 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్ సినిమా దగ్గరికి వద్దాం. మా పిల్లలు దాన్ని ఫోన్లలో ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. డాన్సు బాగుంది, మేమూ చూశాం. 1924లో చనిపోయిన రాజును, 1940లో చనిపోయిన భీంను ఒకచోట కలిపి, ఇద్దరినీ చివర బతికించి పంపారు. కల్పిత కథ అని ముందే రాశారు కాబట్టి చరిత్ర తప్పిందని మేము కొట్లాడం. మా కొట్లాట ఆ ముగింపు మీద. చివర రాజు పాత్ర భీం పాత్రను నీకేం కావాలో అడుగు అంటుంది. భీం పాత్ర చదువు కావాలంటుంది. అస్సాంలో కూలి చేస్తూ అక్షరాలు నేర్చుకుని వచ్చినవాడని మనం చెప్పుకునే భీం ఇంకొకరి ముందు నిలబడి చదువు చెప్పమని అడుగుతున్నాడు! చనిపోయిన భీం పట్టా కూడా అడిగి తీసుకోలేదు. బతికించిన భీం అక్షరం అడుక్కుంటున్నాడు. ఆలోచించండి, చంపిన నిజాం పోలీసులకంటే బతికించిన సినిమా ఆయనను ఎంత చిన్నగా చేసిందో. మా పెద్దసారు మెడలో దండ వేయించడానికీ దీనికీ తేడా ఖర్చులో మాత్రమే.

ఇంతవరకు చదివి, అయితే మన కథలన్నిటిలో మనవాళ్లు చచ్చిపోవాలా అని మీరు అడగొచ్చు. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఇక్కడ జాగ్రత్తగా వినండి, ఎందుకంటే ఈ కలం తప్పు చేతిలో పడితే చాలా చెడ్డది.

మన గురించి బయటివాళ్లు రాసే ఎన్నో కథల్లో, సినిమాల్లో ఆదివాసీ చనిపోతాడు. పట్నం నుంచి వచ్చిన హీరోకు అడ్డుపడి తూటా తింటాడు. లేదంటే కొండపిల్ల ఒకతె వచ్చిన బాబును ప్రేమించి, ఆయన కోసం వాగులో కొట్టుకుపోతుంది. ఆ చావుతో హీరోకు కోపం వస్తుంది, కళ్లు తెరుచుకుంటాయి, కథ ముందుకు పోతుంది. చనిపోయినవాడికి మాత్రం తన మాట అంటూ ఏమీ లేదు, తను ఎంచుకున్న దారి లేదు. ఇంకొకరి బండికి ఇరుసులా అరిగిపోయాడు. చదివినవాళ్లు ఒక కన్నీటిచుక్క రాల్చి పుస్తకం మూసేస్తారు. వాళ్లకూ ఒక తృప్తి దొరుకుతుంది, అయ్యో పాపం అన్న తృప్తి. అది మనకు వద్దు. వాళ్లకు కూడా మంచిది కాదు గానీ అది వాళ్లు చూసుకుంటారు.

ఇంకా చెడ్డది ఒకటుంది, అది మా కళ్లముందు జరిగింది. కొన్నేళ్ల కింద వానాకాలంలో మా దగ్గర చదివే ఒక పాపకు జ్వరం వచ్చింది. వాగు పొంగి ఉంది, బండి రాలేదు, మంచం మీద మోసుకుపోతుంటే దారిలోనే పోయింది. ఆమె పేరు ఇక్కడ రాయం. తర్వాత ఒకాయన ఆ పాప మీద కవిత రాసి తెచ్చి చూపించారు. అడవితల్లి ఒడిలో నిద్రపోయిన పువ్వు అన్నట్టుగా రాశారు. మంచి మనసుతోనే రాశారు. మేము కాగితం తిరిగి ఇచ్చేశాం. ఆ పాప నిద్రపోలేదు. ఆమె దేన్నీ ఎంచుకోలేదు. ఆమెకు కావలసింది ఒక వంతెన, ఒక సూది మందు. ఆమె చావుకు అందమైన ముగింపు రాస్తే వంతెన కట్టనివాళ్ల గుండె తేలికవుతుంది. భీం కథ విని మనసు నిండితే ఒకటి, ఆ పాప కథ విని మనసు నిండితే మనలో ఏదో చచ్చిపోయినట్టు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చి తూటాలకు పడిపోయినవాళ్ల గురించి రాసేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోవాలి. వాళ్లు మీటింగుకు వచ్చారు, చావడానికి రాలేదు. అక్కడ తృప్తి అనే మాట నోట రాకూడదు. అక్కడ లెక్క అడగాలి.

మరి ఏ చావు ఏ రకానిదో ఎలా తెలుస్తుంది అంటే మేము క్లాసులో ఒకే ఒక ప్రశ్న అడిగిస్తాం: ఈ మనిషి ఎక్కడ వెనక్కి తిరగగలిగి ఉండి తిరగలేదు? భీం కథలో పిల్లలు వెంటనే చర్చల సీను చూపిస్తారు. హీరాసుకా కథలో బండ పక్కన చోటు చూపిస్తారు. అరువు తెచ్చుకున్న కథల్లో వెతికి వెతికి, సార్ ఇందులో అలాంటి చోటు లేదు అంటారు. పాప విషయంలో ఈ ప్రశ్న ఎవరూ అడగరు, వెనక్కి తిరగాల్సింది ఆమె కాదని వాళ్లకు తెలుసు.

సాటి టీచర్లకు ఒక మాట. పిల్లలు చావును తట్టుకోలేరని మనం అనుకుంటాం. మన పిల్లలు చావును చూడనివాళ్లా? ఇంట్లో పెద్దవాళ్లు పోతే దినాలు చేసి పెర్సాపేన్‌లో కలిపేటప్పుడు పక్కనే నిలబడి చూసినవాళ్లు. చనిపోయినవాళ్లు ఊరు వదిలిపోరని, పేన్‌తో కలిసి ఊళ్లోనే ఉంటారని మనం నేర్పకముందే నేర్చుకుని బడికి వచ్చినవాళ్లు. చావుతో కథ ముగుస్తుందని భయపడేది మనం, ట్రైనింగులో సంతోషకరమైన అభ్యసనం అని రాసుకుని వచ్చినవాళ్లం. ఆ మాట చెడ్డదని అనం. సంతోషం అంటే దండా జనగణమనా అనుకోవడంలోనే తప్పంతా ఉంది.

రాసే పిల్లలకు కూడా ఒకటి చెప్పాలి. ముగింపు ఎలా రాయాలో తెలియక మీరు పాత్రను చంపేస్తున్నారు. మాకు వచ్చే కథల్లో సగం ఇవే. ఉరి, పురుగుల మందు, వాగు. చంపే ముందు ఆ మనిషికి ఒక మాట ఇవ్వండి, ఆ మాట మీద నిలబడే బలం ఇవ్వండి. అది ఇచ్చాక చాలాసార్లు ఆ మనిషి చావనంటాడు, మీ మాట వినడు. అప్పుడు బతకనివ్వండి. చావక తప్పని చోటికి తనంతట తనే నడిచి పోతే మాత్రం చెయ్యి అడ్డం పెట్టకండి.

ఈ ఏడాది మళ్లీ నాటకం వేస్తున్నాం. పోయినసారి భీం వేసిన పిల్లవాడు పదికి వచ్చాడు, పరీక్షలున్నాయి, అయినా వేషం వదలనన్నాడు. పాత స్క్రిప్టే బయటికి తీశాం. పెద్దసారు వస్తారో రారో తెలియదు, వస్తే ఈ వ్యాసం చేతికిస్తాం. ముసలమ్మకు కబురు పంపాం. ఈసారి ముందు వరసలో చాప వేయించమంది, కళ్లు సరిగా ఆనడం లేదట. గడ్డి మాత్రం రెండు మోపులు ఎక్కువే పరవాలి, పిల్లవాడు పొడుగయ్యాడు.